సేనాని మార్డోనియస్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ప్రాచీన చరిత్ర పాఠం చెబుతాను. పర్షియా, గ్రీకుల యుద్ధాల దగ్గరికి రాగానే పర్షియా సేనాని మార్డోనియస్ గురించి అందరూ ఒకే జవాబు రాస్తారు: అహంకారి, ఓడిపోయాడు. పిల్లల తప్పేం లేదు. ఆయన కథ మనకు చాలావరకు శత్రుపక్షమైన గ్రీకుల నుంచే అందింది.

అపోహ: రాజుగారి అల్లుడు కాబట్టే సేనాని అయ్యాడు.

వాస్తవం: చుట్టరికం నిజమే. తండ్రి గోబ్రియాస్, పర్షియా రాజు డరియస్ గద్దెనెక్కడానికి తోడు నిలిచినవాడు. పర్షియా రాజధాని పెర్సెపోలిస్‌లో దొరికిన ఒక మట్టి పలక మీద మార్డోనియస్ భార్యకు, అంటే రాజుగారి కూతురికి, ప్రయాణంలో ఇచ్చిన రేషన్ లెక్క ఉంది. అయినా చుట్టరికం ఆయన్ని కాపాడలేదు. క్రీ.పూ. 492లో గ్రీసు మీదికి దండెత్తినప్పుడు, దాని ఉత్తరాన ఏథోస్ కొండ దగ్గర తుఫానుకు నౌకలు పగిలిపోయాయి. థ్రేస్ ప్రాంతానికి చెందిన ఒక తెగ రాత్రిపూట దాడి చేసి ఆయన్ని గాయపరిచింది. డరియస్ పదవి తీసేసి, తర్వాతి దండయాత్రను డాటిస్, అర్టాఫెర్నెస్ అనే వేరే సేనానులకు అప్పగించాడు.

అపోహ: పర్షియన్ సేనాని అడుగుపెట్టిన చోట నిరంకుశత్వమే.

వాస్తవం: అదే 492లో పర్షియా ఏలుబడిలోని గ్రీకు ప్రాంతం అయోనియా నగరాల్లో నియంతలను దించి ప్రజాపాలన పెట్టింది మార్డోనియస్. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ కూడా దీన్ని వింతగానే చెప్పాడు.

అపోహ: తర్వాత మళ్లీ సేనాని అయినప్పుడు ఆయన వెంట 3 లక్షల సైన్యం.

వాస్తవం: అది హెరోడోటస్ లెక్క. అంతమందికి రోజూ తిండి, గుర్రాలకు మేత ఎక్కడినుంచి వస్తాయి? నేటి చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు.

అపోహ: గ్రీసులోని ప్లాటియా యుద్ధంలో పర్షియన్లు పిరికివాళ్లలా పారిపోయారు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. క్రీ.పూ. 479 నాటి ఆ యుద్ధంలో మార్డోనియస్ తెల్ల గుర్రమెక్కి, ఏరికోరి తెచ్చుకున్న వెయ్యిమందితో ముందు నిలబడి పోరాడాడు. ధైర్యంలోనూ బలంలోనూ పర్షియన్లు తక్కువవాళ్లు కారని శత్రువుల చరిత్రకారుడే ఒప్పుకున్నాడు. వాళ్లకు లేనిది ఒంటిమీద బరువైన కవచం. ఆయన బతికున్నంతసేపూ సైన్యం నిలబడింది. ఒక స్పార్టా వీరుడి చేతిలో ఆయన పడిపోయాకే చెదిరిపోయింది.

ఆయన గుడారంలో గుర్రాలు మేసే కంచు తొట్టి దొరికితే, గ్రీకు నగరం టెజియా వాళ్లు దాన్ని తమ ఎథీనా దేవత గుడికి సమర్పించారు. శవం మాత్రం మర్నాటికి కనిపించలేదు. ఎవరో రహస్యంగా పూడ్చిపెట్టారు. 'నేనే పూడ్చాను' అంటూ వచ్చిన చాలామందికి కొడుకు అర్టాంటెస్ కానుకలు ఇచ్చాడు.