అమెరికా వలస చర్చ: ముద్రల వెనక అపోహలు - వాస్తవాలు

అమెరికా వలస విధానం మీద వాదన మొదలైతే కాసేపటికే ఎదుటి మనిషి మీద ఏదో ఒక ముద్ర పడిపోతుంది. ఒకరికి 'రేసిస్టు', ఇంకొకరికి 'సరిహద్దులే వద్దనే రకం'. ముద్ర పడ్డాక ఆ మనిషి వాదన వదిలేసి పరువు కాపాడుకునే పనిలో పడతారు. అసలు విషయం అక్కడే ఆగిపోతుంది.

అపోహ: రిపబ్లికన్ అంటే వలసకు వ్యతిరేకం, డెమోక్రాట్ అంటే అనుకూలం.

వాస్తవం: ఏ చట్టం మీద ఎవరి సంతకం ఉందో చూడండి. సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా తెచ్చిన 1986 చట్టం మీద సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్. 1996లో కఠిన చట్టానికి ఆమోదం తెలిపింది డెమోక్రాట్ క్లింటన్. అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోతే 3 ఏళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే 10 ఏళ్లు తిరిగి రాకుండా నిషేధం ఆ చట్టంతోనే వచ్చింది. కార్మిక సంఘాల సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ సంగతీ అంతే. చట్టబద్ధ పత్రాలు లేని వలసదారులను పనిలో పెట్టుకునే యజమానులను శిక్షించాలని 1986లో అడిగింది, 2000లో ఆ శిక్షలను ఎత్తేయమంది. 2013లో సెనేట్ 68-32తో ఆమోదించిన సమగ్ర వలస సంస్కరణ బిల్లుకు 14 మంది రిపబ్లికన్లు ఓటేశారు. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు.

అపోహ: పత్రాలు లేనివారంతా నేరస్థులే.

వాస్తవం: తనిఖీ తప్పించుకుని సరిహద్దు దాటడం ఫెడరల్ నేరమే, మొదటిసారికి గరిష్ఠంగా 6 నెలల జైలు. వీసా మీద వచ్చి గడువు దాటాక ఉండిపోవడం మాత్రం సివిల్ ఉల్లంఘన. దానికి దేశం నుంచి పంపేయవచ్చు, కానీ అదొక్కటే క్రిమినల్ కేసు కాదు. 'అందరూ నేరస్థులే' అనేవారూ, 'ఎవరూ ఏ చట్టమూ మీరలేదు' అనేవారూ ఇద్దరూ పొరబడుతున్నారు. వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2013లో 'ఇల్లీగల్' అనే మాటను మనిషికి తగిలించవద్దని, చేసిన పనికి మాత్రమే వాడాలని తన విలేకరులకు చెప్పింది. మామూలు వాదనల్లోనూ అది పాటించదగ్గ పద్ధతి.

అపోహ: వలస తగ్గించాలనేవారంతా జాతి ద్వేషులు.

వాస్తవం: 'వలస' ఒక్క ప్రశ్న కాదు. ఏటా ఎంతమందిని రానివ్వాలి? ఏ ప్రాతిపదికన? ఇప్పటికే పత్రాలు లేకుండా ఉన్నవారిని ఏం చేయాలి? ఆశ్రయం కోరి సరిహద్దుకు వచ్చినవారి మాటేమిటి? హెచ్-1బీ ఉద్యోగ వీసాల వార్షిక కోటా (65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000) పెంచవద్దనే మనిషే, చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చినవారికి పౌరసత్వం ఇవ్వాలనవచ్చు. అలాగని జాతి ద్వేషం కల్పన కాదు. 1882 నాటి చైనీయుల వలస నిషేధం, 1924లో దేశాలవారీగా పెట్టిన కోటాలు దానిమీద కట్టినవే. ఆ కోటాలు పోయింది 1965 చట్టంతో. ద్వేషం వినిపిస్తే ఏ వాక్యంలో వినిపించిందో ఆ వాక్యాన్ని పట్టుకుని అడగండి, మనిషికి పేరు పెట్టకండి.

అపోహ: మర్యాదగా వాదిస్తే మెత్తబడినట్టే.

వాస్తవం: నిజానికి గట్టి ప్రశ్న పడేది అప్పుడే. ముందు పైన చెప్పిన నాలుగు ప్రశ్నల్లో (ఎంతమంది, ఏ ప్రాతిపదిక, పత్రాలు లేనివారు, ఆశ్రయం) దేని గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి. ఎదుటివారి వాదనను మీ మాటల్లో చెప్పి, 'మీరన్నది ఇదేనా?' అని అడిగి, ఔనన్నాకే జవాబివ్వండి. 'ఎక్కువ', 'తక్కువ' అన్న చోట అంకె అడగండి. ఉదాహరణకు ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000, ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతం పరిమితి. మొత్తం పెంచకుండా ఆ పరిమితి ఒక్కటే తీసేస్తే భారతీయుల క్యూ తగ్గుతుంది, మిగతా చాలా దేశాలవారి క్యూ పెరుగుతుంది. తీసేయాలనేవారిని ఆ రెండో సగం గురించి, ఉంచాలనేవారిని ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డవారి గురించి అడగండి.