తోసా: ఓడినవాళ్ల ఊళ్లో గెలిచినవాళ్ల కోట

1868లో జపాన్‌లో షోగన్ల (చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలిన సేనానుల) పాలన కూలడానికి కారణమైన సంస్థానాలు ఏవంటే సత్సుమా, చోషూ, తోసా అని వరసగా చెబుతారు. మొదటి రెండింటికీ తొకుగావా షోగన్ల మీద పాత పగ ఉంది. 1600లో జరిగిన సెకిగహారా యుద్ధంలో అవి ఓడిన పక్షం. తోసా సంగతి వేరు. దాన్ని ఏలిన యమౌచి వంశానికి ఆ రాజ్యం ఇచ్చిందే ఆ యుద్ధంలో గెలిచి షోగన్ అయిన తొకుగావా ఇయెయాసు. అలాంటి చోట షోగన్ మీద తిరగబడిన సకమొతో ర్యోమా, తకెచి హన్‌పెయితా, నకఒకా షింతారో ఎలా పుట్టుకొచ్చారు? వాళ్లెవరూ పై వర్గం సమురాయ్‌లు కాకపోవడంలోనే దీని మూలం ఉంది.

తోసా అంటే షికోకు ద్వీపం దక్షిణ భాగం, ఇప్పటి కొచి ప్రిఫెక్చర్. ఎదురుగా పసిఫిక్ సముద్రం, వెనక కొండలు, సాగుకు పనికొచ్చే నేల తక్కువ. 16వ శతాబ్దంలో అక్కడ ఏడు ముఖ్యమైన స్థానిక వంశాలు ఉండేవి. వాటికి పైన, రాజధాని క్యోతోలో జరిగిన యుద్ధాల నుంచి తప్పించుకుని వచ్చి స్థిరపడిన ఇచిజో అనే ఆస్థాన కుటుంబం ఉండేది. చోసొకాబె వాళ్లు ఆ ఏడింటిలో ఒకరు.

1539లో పుట్టిన చోసొకాబె మొతొచికా చిన్నప్పుడు తెల్లగా, మాట పెగలనట్టు ఉండేవాడట. ఆడపిల్లలా ఉన్నాడని ఎగతాళి చేసేవాళ్లు. 1560లో మొదటిసారి యుద్ధానికి వెళ్తూ ఈటె ఎలా వాడాలని తన మనిషిని అడిగాడని, శత్రువు కళ్లకి గురిపెట్టి పొడవమని అతను చెప్పాడని కథ. అదే ఏడాది తండ్రి పోయాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఇచిజో వాళ్లను కూడా ఓడించి తోసా మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకున్నాడు.

ఈ గెలుపు వెనక ఉన్నది ఇచిర్యో గుసొకు అనే సైనికులు. ఒక్కొక్కరికి ఒక్క కవచం మాత్రమే ఉండేది, మార్చుకోవడానికి రెండోది లేదు. మామూలు రోజుల్లో పొలం పని. ఈటెను గట్టు మీద పాతి, దానికి గడ్డి చెప్పులూ తిండి మూటా కట్టి దున్నేవాళ్లు. పిలుపు వస్తే కొడవలి, పార అక్కడే పడేసి ఈటె పీక్కుని పరిగెత్తేవాళ్లు. జీతాలిచ్చి సైన్యాన్ని పోషించలేని పేద రాజ్యం చేసుకున్న ఏర్పాటు ఇది. నా దృష్టిలో తోసా తర్వాతి చరిత్రకంతా బీజం ఇక్కడే ఉంది. ఎందుకంటే దేశం అప్పటికే వేరే దారి పట్టింది. జపాన్‌ను ఒక్క చేతి కిందికి తెస్తున్న తొయొతోమి హిదెయోషి 1585లో భారీ సేనతో షికోకు మీద పడి, మొతొచికా గెలుచుకున్న మిగతా ప్రాంతాలు తీసేసుకుని తోసా ఒక్కటే మిగిల్చాడు. 1588లో రైతుల దగ్గర ఆయుధాలు లాక్కోమని ఆజ్ఞ ఇచ్చాడు. రైతు రైతే, సైనికుడు సైనికుడే అనే కొత్త లెక్కలో ఈ రెండు పనుల మనుషులకు చోటు లేదు.

హిదెయోషి తరఫున క్యుషూలో పోరాడుతూ పెద్ద కొడుకు నొబుచికా చనిపోయాక మొతొచికా కుంగిపోయాడు. నాలుగో కొడుకు మొరిచికాను వారసుడిగా నిలబెట్టాలని, ఎదురు చెప్పిన సొంత బంధువులను కడుపు కోసుకుని చావమన్నాడు. 1599లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది సెకిగహారాలో మొరిచికా ఓడిపోయే పక్షాన చేరాడు. ముందున్న మిత్రదళం కదలక పోవడంతో కత్తి దూయకుండానే ఇంటికి మళ్లాడు. రాజ్యం పోయింది.

ఇయెయాసు మనుషులు చోసొకాబె వాళ్ల ఉరాదో కోటను స్వాధీనం చేసుకోవడానికి వస్తే ఇచిర్యో గుసొకు తలుపులు మూశారు. మా దొరకు సగం రాజ్యమైనా ఇవ్వండి అని పట్టుబట్టారు. చివరికి చోసొకాబె పెద్ద ఉద్యోగులే వాళ్లను మోసం చేసి కోట అప్పగించారు. 273 తలలు నరికి, ఉప్పులో వేసి ఒసాకాకు పంపారు.

ఆ తర్వాత వచ్చినవాడు యమౌచి కజుతొయో. యుద్ధానికి ముందే తన కకెగావా కోటను ఇయెయాసుకు అప్పగిస్తానని నలుగురిలో అన్నందుకు దక్కిన బహుమతి ఇది అంటారు. వెంట తెచ్చుకున్న తన మనుషులకు పై పదవులు ఇచ్చాడు, కొచిలో కొత్త కోట కట్టాడు. సుమో పోటీలని పిలిచి, వచ్చిన ఇచిర్యో గుసొకులలో 73 మందిని పట్టుకుని చంపించాడని కూడా చెబుతారు. అయినా తిరుగుబాట్లు వెంటనే ఆగలేదు. 17వ శతాబ్దం మధ్యలో నొనకా కెంజాన్ అనే మంత్రి, బంజర్లు సాగులోకి తెచ్చే పాత సైనికుల సంతతికి గోషి అనే హోదా ఇచ్చాడు. కత్తి ఉంటుంది, కానీ కోట చుట్టూ ఉండే జోషి అనే పై వర్గం సమురాయ్‌లకు కిందే. దారిలో జోషి ఎదురైతే వంగాలి, తొడుక్కునే చెప్పుల దగ్గర కూడా తేడా.

అయితే ర్యోమాలో ప్రవహించింది చోసొకాబె పగే అనడం నాకు సరిగా అనిపించదు. కాలం గడిచేకొద్దీ గోషి హోదాను డబ్బున్న వాళ్లు కొనుక్కున్నారు. ర్యోమా పూర్వీకులు కొచిలో సారా వ్యాపారులు, 1770లో గోషిలైనవాళ్లు. మిత్సుబిషి స్థాపించిన ఇవసాకి యతారో కుటుంబం అదే హోదాను అమ్ముకుంది. రక్తం మారింది, గీత మాత్రం చెరగలేదు. కొత్తగా చేరినవాడు ఆ అవమానాన్ని కూడా హోదాతో పాటే కొనుక్కున్నాడు.

1861లో ఒక రాత్రి కొచి దగ్గర ఇగుచి ఊళ్లో ఇరుకు దారిలో తాగి వస్తున్న యమదా హిరోయె అనే జోషికి, నకహిరా చుజిరో అనే యువ గోషి తగిలాడు. మాటా మాటా పెరిగి యమదా అతన్ని నరికేశాడు. కబురు విన్న చుజిరో అన్న ఇకెదా తొరనొషిన్ పరుగున వచ్చి యమదాను చంపాడు. రెండు వర్గాలూ ఆయుధాలతో ఎదురెదురుగా కూడాయి. ఊరంతా టెన్షన్. చివరికి ఇకెదా, అతనితో పాటు చుజిరోకు తోడుగా ఉన్న కుర్రాడు, ఇద్దరూ కడుపు కోసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది తకెచి, చక్రవర్తి పక్షాన తోసా కిన్నో తో అనే సంఘం పెడితే 192 మంది సంతకం చేశారు. ఎక్కువమంది కింది వర్గం వాళ్లే.

అప్పుడు తోసాలో పెత్తనం నడిపిన యమౌచి యోదో తెలివైనవాడు. షోగన్ పాలన ఇలా సాగదని తెలుసు, కానీ తన వంశం తిన్నది తొకుగావా ఉప్పు. తకెచిని 1865లో కడుపు కోసుకోమన్నాడు. 1867లో మాత్రం ర్యోమా, జోషి వర్గపు గోతో షోజిరో కలిసి ముందుకు తెచ్చిన ఆలోచనను ఒప్పుకుని, అధికారాన్ని చక్రవర్తికి మీరే తిరిగి ఇచ్చేయండని షోగన్‌కు అర్జీ పెట్టాడు. గోషి కోరుకున్న మార్పూ, యమౌచి తీర్చుకోవాల్సిన రుణమూ రెండూ ఆ ఒక్క కాగితంలో ఇమిడాయి. షోగన్ యోషినొబు ఒప్పుకున్నాడు. నెల తిరగ్గానే ర్యోమా క్యోతోలో హత్యకు గురయ్యాడు.

1868 జనవరిలో చక్రవర్తి కొలువులో యోదో, యోషినొబును కూడా పిలవాలని గట్టిగా వాదించి ఓడిపోయాడు. అదే నెలాఖరున తొబా, ఫుషిమిల దగ్గర యుద్ధం మొదలైంది. తోసా సైనికులు కలగజేసుకోవద్దని యోదో ఆజ్ఞ. అది దాటి కొన్ని తోసా దళాలు షోగన్ సేనల మీద కాల్పులు జరిపాయి.