బ్యాండ్‌పాస్ సిగ్మా-డెల్టా ఏడీసీ: అపోహలు - వాస్తవాలు

ఇంటర్వ్యూకి వచ్చే ఎంటెక్ పిల్లలు మామూలు సిగ్మా-డెల్టా లూప్ బోర్డు మీద చకచకా గీసేస్తారు. అంటే సిగ్నల్‌ని చాలా వేగంగా శాంపిల్ చేసి, ఫీడ్‌బ్యాక్‌తో నాయిస్‌ని పక్కకి నెట్టే ఏడీసీ (అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చేది). మామూలుది సున్నా దగ్గరి సిగ్నల్‌ని పట్టే లోపాస్. ఎత్తైన ఫ్రీక్వెన్సీ చుట్టూ ఉన్న సిగ్నల్‌ని పట్టే బ్యాండ్‌పాస్, అందులోనూ గిగాహెర్ట్జ్ క్లాక్ అనేసరికి చేతిలో మార్కర్ ఆగిపోతుంది. ఎక్కువగా వినబడేవి ఇవీ.

అపోహ: ఓవర్‌శాంప్లింగ్ (కనీస అవసరానికి ఎన్నో రెట్లు వేగంగా శాంపిల్ చేయడం) కాబట్టి క్లాక్ సిగ్నల్‌కి వంద రెట్లుండాలి. 1 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అదెలా కుదురుతుంది?

వాస్తవం: చూడాల్సింది బ్యాండ్‌విడ్త్‌ని, సెంటర్ ఫ్రీక్వెన్సీని కాదు. 4 గిగాహెర్ట్జ్ క్లాక్, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ అనుకోండి. 4000 మెగాహెర్ట్జ్‌ని ఛానెల్ వెడల్పుకి రెట్టింపైన 40తో భాగిస్తే 100. ఓవర్‌శాంప్లింగ్ అంతే. పైగా సిగ్నల్ క్లాక్‌లో సరిగ్గా నాలుగో వంతు దగ్గరుంటే, డిజిటల్ వైపు దాన్ని కిందికి దించడానికి మల్టిప్లయర్లే అక్కర్లేదు. 1, 0, -1, 0 చాలు.

అపోహ: నాలుగో ఆర్డర్ (లూప్ ఫిల్టర్ ఎన్ని దశలదో చెప్పే సంఖ్య) బ్యాండ్‌పాస్, నాలుగో ఆర్డర్ లోపాస్ ఒకటే.

వాస్తవం: కాదు. బ్యాండ్‌పాస్‌లో ఒక్కో రెసొనేటర్ (ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా స్పందించే ఫిల్టర్) రెండు ఆర్డర్లు తినేస్తుంది. ఓవర్‌శాంప్లింగ్ రెట్టింపు చేస్తే సిగ్నల్-నాయిస్ నిష్పత్తిలో వచ్చే లాభం రెండో ఆర్డర్ లోపాస్‌కి వచ్చే 15 డీబీనే, 27 కాదు.

అపోహ: మ్యాట్‌ల్యాబ్‌లో లూప్ నిలబడింది, ఇక సర్క్యూట్ గీయడమే మిగిలింది.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. స్కీమాటిక్‌లో 1 గిగాహెర్ట్జ్ దగ్గర నాచ్ (నాయిస్ లోతుగా పడిపోయే చోటు) గీత గీసినట్టు వచ్చింది. లేఅవుట్ ఎక్స్‌ట్రాక్ట్ చేశాక (అసలు వైర్ల ప్రభావం కూడా లెక్కలోకి తెచ్చాక) చూస్తే నాచ్‌కి అటూ ఇటూ రెండు గుబ్బలు. ఇన్‌పుట్ కాస్త పెంచగానే లూప్ ఊగిపోయింది. రెండు రోజులు రెసొనేటర్‌ని అనుమానించాను, పాపం దాని తప్పేం లేదు. బిట్ 1 అా 0 అా తేల్చే కంపరేటర్ నుంచి, ఆ బిట్‌ని మళ్లీ అనలాగ్‌గా మార్చి లూప్‌లోకి తిప్పి పంపే డాక్ దాకా నేను లెక్కలో వేసుకోని 60 పీకోసెకన్ల ఆలస్యం దొరికింది. క్లాక్ పీరియడ్ 250 పీకోసెకన్లు కదా, 60 పెద్దదేం కాదనిపిస్తుంది. కానీ 1 గిగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 22 డిగ్రీల ఫేజ్.

ఆ 60ని తగ్గించాలని కుస్తీ పట్టడం దండగ. లోపాస్ లూప్‌ని ఇలా బ్యాండ్‌పాస్‌గా మార్చినప్పుడు ఒక్కో క్లాక్ ఆలస్యం రెండవుతుంది. అందులో ఒకటి కంపరేటర్‌కి ఇచ్చేయొచ్చు. డాక్ ముందు ఒక లాచ్ (బిట్‌ని క్లాక్ వచ్చేదాకా పట్టి ఉంచేది) పెట్టి, పూర్తి క్లాక్ ఆలస్యాన్ని మనమే తీసుకుని, కోఎఫిషియెంట్లు మళ్లీ లెక్కగట్టాను. గుబ్బలు పోయాయి. తేల్చుకోవడానికి టైము దొరికింది గనక కంపరేటర్ మెటాస్టెబిలిటీ (ఎటూ తేల్చుకోలేక మధ్యలో నిలిచిపోవడం) బెడదా తగ్గింది.

అపోహ: ఒక బిట్ డాక్‌లో డిస్టార్షన్ ఉండదు.

వాస్తవం: రెండు బిందువుల గుండా గీత ఒక్కటే, నిజమే. కానీ పల్స్ లేచే తీరు, పడే తీరు ఒకేలా ఉండవు. ముందటి బిట్ ఏమిటన్నదాన్ని బట్టి కూడా పల్స్ మారుతుంది. ప్రతి బిట్‌కీ సున్నాకి తిరిగొచ్చే రిటర్న్-టు-జీరో పల్స్ దీన్ని సరిచేస్తుంది, బదులుగా జిట్టర్ (క్లాక్ అంచులు అటూ ఇటూ కదలడం) బాధ పెంచుతుంది.

అపోహ: శాంప్లర్ లూప్ లోపలే ఉంది, కాబట్టి జిట్టర్‌తో భయం లేదు.

వాస్తవం: కంపరేటర్ జిట్టర్‌ని లూప్ అణిచేస్తుంది. డాక్ జిట్టర్‌ని అణచలేదు, అది నేరుగా ఇన్‌పుట్‌లో కలుస్తుంది. ల్యాబ్‌లో నాచ్ అడుగు పైకి లేచి కనబడితే చిప్‌ని తిట్టకముందు క్లాక్ సోర్స్ మార్చి చూడండి.