ఫ్లాట్ మారేటప్పుడు ప్యాకర్స్ అండ్ మూవర్స్: అపోహలు - వాస్తవాలు

ఇల్లు మారబోయే కుటుంబాల దగ్గరికి వెళ్లి సామాను చూసి కొటేషన్ రాసివ్వడం, లోడింగ్ రోజున దగ్గరుండి పని చేయించడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ, నల్లగండ్ల వంటి చోట్ల అపార్ట్‌మెంట్ నుంచి అపార్ట్‌మెంట్‌కు జరిగే తరలింపులే మాకు ఎక్కువ. ఈ పనిలో నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ధర ఎంతో అందరూ అడుగుతారు, ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద రాసివ్వమని మాత్రం అడగరు.

అపోహ: ఫోన్‌లో "టూ బీహెచ్‌కే" అని చెబితే రేటు తెలిసిపోతుంది. నాలుగు చోట్ల అడిగి, తక్కువ చెప్పినవారికి పని అప్పగిస్తే సరిపోతుంది.

వాస్తవం: రెండు పడకగదుల ఫ్లాటే అయినా, కొత్తగా కాపురం పెట్టిన జంట సామాను వేరు, అదే ఇంట్లో పదిహేనేళ్లు ఉన్న కుటుంబం సామాను వేరు. మా లెక్కంతా సామాను పరిమాణం, దానికి పట్టే బండి, రెండు ఇళ్లలోనూ అంతస్తు, లిఫ్ట్, గేటు నుంచి బ్లాక్ వరకు నడిచి మోయాల్సిన దూరం, విప్పి మళ్లీ బిగించాల్సిన మంచాలు, బీరువాల మీద ఆధారపడి ఉంటుంది. టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు ఏడు అడుగులు. అందులో డబుల్ కాట్, సోఫా, ఫ్రిజ్ పెట్టాక మిగిలే చోటు చాలా తక్కువ. నిండుగా ఉన్న సంసారానికి 14 అడుగుల డీసీఎం అవసరం కావచ్చు.

ఒకరు 7,500 అని, మరొకరు 14,000 అని చెప్పారనుకుందాం. రెండోవారు దోచుకుంటున్నారని అనుకోవడం సహజమే. అయితే మొదటివారు సామాను చూడకుండా చెప్పిన రేటు, సగం సామాను బండెక్కాక తరచుగా మారిపోతుంది. "సామాను ఎక్కువగా ఉంది, రెండో ట్రిప్ వేయాలి", "మూడో అంతస్తు అని ముందు చెప్పలేదు", "ఏసీ విప్పడం ఇందులో లేదు" అన్న మాటలు అప్పుడు మొదలవుతాయి. పాత ఇంటి తాళం ఓనర్‌కు ఇచ్చేసి, పిల్లలతో కింద నిలబడి ఉన్న మనిషి ఆ సమయంలో బేరమాడే స్థితిలో ఉండరు, ఈ సంగతి ఆ బండివారికి బాగా తెలుసు.

అందువల్ల ఇంటికి వచ్చి గానీ, కనీసం వీడియో కాల్‌లో గానీ సర్వే చేయనివారి కొటేషన్‌ను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. సర్వే రోజున హాలు, బెడ్‌రూమ్‌లు చూపించి ఊరుకోకుండా అటకలు, బాల్కనీ, సెల్లార్‌లోని సామాను కూడా చూపించండి. అటక మీది ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు, పాత గ్రైండర్, ఎప్పుడో విప్పి పెట్టిన ఉయ్యాల బల్ల ఇవన్నీ కిందికి దిగాకే అసలు లెక్క తేలుతుంది. ఆ లెక్క ప్రకారం బండి సైజు, మనుషుల సంఖ్య, ప్యాకింగ్ వివరాలు, విప్పి బిగించే పనులు, అంతస్తుల చార్జీ, పన్ను ఇవన్నీ విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకోవాలి.

ఇంకో సంగతి. ఏదో ఒక వెబ్‌సైట్‌లో మీ నంబరు ఇచ్చిన పది నిమిషాల్లో పది ఫోన్లు వస్తే, వాటిలో కొన్ని సొంత బండి గానీ, మనుషులు గానీ లేని దళారులవి కావచ్చు. బండి ఎవరిది, మనుషులు ఎవరివారు, బిల్లు ఏ పేరు మీద వస్తుంది అని మూడు ప్రశ్నలు అడిగితే చాలామంది అక్కడే తడబడతారు.

అపోహ: మూడు శాతం ఇన్సూరెన్స్ కట్టాం కాబట్టి ఏది పగిలినా డబ్బు వస్తుంది.

వాస్తవం: మా రంగంలో అన్నిటికంటే పెద్ద అపోహ ఇదేనని నా అభిప్రాయం. కొటేషన్‌లో "ఇన్సూరెన్స్" అని రాసి, మీరు చెప్పిన విలువ మీద కొంత శాతం వసూలు చేసినంత మాత్రాన బీమా ఉన్నట్లు కాదు. బీమా పాలసీని ఐఆర్‌డీఏఐ (బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ) అనుమతి పొందిన బీమా సంస్థ మాత్రమే ఇవ్వగలదు. ప్యాకర్స్ సంస్థ ఇవ్వలేదు. కాబట్టి బండి కదలక ముందే పాలసీ లేదా సర్టిఫికెట్ కాపీ అడిగి, బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు, ప్రయాణ వివరాలు, విలువ చూసుకోవాలి. కొన్ని చోట్ల "ఎఫ్‌ఓవీ" అనే పేరుతో ఒక మొత్తం కలుపుతారు. అది బీమా కాదు, విలువను బట్టి రవాణాదారు తీసుకునే అదనపు చార్జీ మాత్రమే. దానికి బదులుగా తాము ఏ బాధ్యత తీసుకుంటున్నారో రాసివ్వకపోతే ఆ డబ్బుకు అర్థం లేదు.

నిజమైన పాలసీ ఉన్నా, అందులో ఏముందో చూడాలి. కొన్ని పాలసీలు అన్ని రకాల ఆకస్మిక నష్టాలకూ వర్తిస్తాయి. మరికొన్ని నిప్పంటుకోవడం, వాహనం ఢీకొనడం, బోల్తా పడడం వంటి పేర్కొన్న ప్రమాదాలకే పరిమితం. రెండో రకం పాలసీలో, బండి సురక్షితంగా చేరి లోపల డైనింగ్ టేబుల్ అద్దం మాత్రమే పగిలితే పైసా రాదు. పైకి గీత కూడా లేకుండా ఫ్రిజ్ పనిచేయడం మానేస్తే, అటువంటి లోపలి మరమ్మతులను సాధారణంగా మినహాయిస్తారు. నగలు, నగదు, ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు ఎట్టి పరిస్థితిలోనూ బండిలో వేయకండి.

క్లెయిమ్ నిలవాలంటే సామాను జాబితా గట్టిగా ఉండాలి. "టీవీ - 1" అని రాస్తే లాభం లేదు. "55 అంగుళాల టీవీ, తెర బాగుంది, కుడివైపు కింద అంచున పాత గీత ఉంది" అని రాయించి, లోడింగ్‌కు ముందు దాన్ని ఆన్ చేసి ఒక ఫొటో తీసుకోవాలి. ప్రతి అట్టపెట్టె మీద నంబరు వేసి, ఏ నంబరులో ఏముందో జాబితాలో ఉండేలా చూడాలి. మా కుర్రాళ్లకు ఇది విసుగు పుట్టించే పనే, అయినా నిలబడి రాయించండి.

అపోహ: ఐబీఏ (భారతీయ బ్యాంకుల సంఘం) అప్రూవ్డ్ అని ఉంటే నమ్మకమైన సంస్థే.

వాస్తవం: ఐబీఏ సిఫారసు అనేది లారీ రసీదుల మీద బ్యాంకులు డబ్బు ఇచ్చే వ్యవహారం కోసం ఏర్పడిన పద్ధతి. మీ సోఫాను ఎంత జాగ్రత్తగా మోస్తారన్న దానికి అది పరీక్ష కాదు. దానికంటే జీఎస్టీ నంబరును తనిఖీ చేయడం వల్ల లాభం ఎక్కువ. అందులో అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే యజమాని పేరు, వ్యాపార పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా అమల్లో ఉందా లేదా అన్నది కనిపిస్తాయి. పేరున్న సంస్థ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపేవారు ఇక్కడే దొరికిపోతారు. అడ్వాన్స్ కూడా సంస్థ ఖాతాకే పంపాలి, ఎవరిదో వ్యక్తిగత ఫోన్ నంబరుకు కాదు.

అపోహ: బిల్లు లేకుండా తీసుకుంటే పన్ను మిగులుతుంది.

వాస్తవం: ప్యాకింగ్, లోడింగ్, రవాణా అన్నీ కలిసిన సేవకు మామూలుగా 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది మిగిలే మాట నిజమే. అయితే రేపు ఏదైనా జరిగితే ఆ సంస్థకు మీరు సామాను అప్పగించారనడానికి సరైన ఆధారం ఉండదు.

అపోహ: రాష్ట్రం దాటితే ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఖర్చులు తప్పవు.

వాస్తవం: 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆక్ట్రాయ్ లేదు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు నుంచి మినహాయింపు ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకో, విశాఖపట్నానికో వెళ్లేవారి కొటేషన్‌లో ఈ రెండు పేర్లలో ఏది కనిపించినా కొట్టేయమనండి. కారు, బైక్ పంపుతుంటే మాత్రం ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు ఉండాలి. బైక్ ట్యాంకులో పెట్రోలు తీసేయాలి. దూర ప్రయాణాల్లో మీ సామానుకు ప్రత్యేకంగా బండి పెడతారా, ఇతరుల సామానుతో కలిపి పంపుతారా అన్నది కూడా రాయించుకోవాలి. కలిపి పంపితే ఖర్చు తగ్గుతుంది, కాని మధ్యలో గోడౌన్‌లో దించి మళ్లీ ఎక్కించే అవకాశం ఉంటుంది, చేరే తేదీ కూడా ఖాయం కాదు.

అపోహ: బబుల్ ర్యాప్ ఎంత ఎక్కువ చుడితే అంత భద్రం.

వాస్తవం: ఎంత చుట్టారన్న దానికంటే ఎలా పెట్టారన్నది ముఖ్యం. పింగాణీ ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ప్లేటు పగులుతుంది; అంచు మీద నిలబెట్టి, మధ్యలో కాగితం పెట్టి, పెట్టెలో ఖాళీ లేకుండా నింపితే చాలావరకు నిలుస్తాయి. పుస్తకాలకు చిన్న పెట్టెలే వాడాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కు కొన్నప్పుడు ఇచ్చిన ట్రాన్సిట్ బోల్టులు వెనక బిగించకపోతే డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది. ఆ బోల్టులు ఎక్కడ దాచారో ముందు రోజే వెతికి పెట్టుకోండి. ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి మంచు కరగనివ్వాలి. ఏసీ విప్పే ముందు గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగే పని తెలిసిన టెక్నీషియన్‌నే పంపమనండి, లేకపోతే కొత్త ఇంట్లో గ్యాస్ నింపే ఖర్చు మీ మీద పడుతుంది.

అపోహ: బండి వస్తే చాలు, అపార్ట్‌మెంట్‌లో ఇబ్బంది ఏముంటుంది?

వాస్తవం: చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో అసోసియేషన్ అనుమతి, షిఫ్టింగ్ ఫీజు, నిర్ణీత వేళలు ఉంటాయి, కొన్నిచోట్ల ఆదివారం సామాను ఎక్కించనివ్వరు. రెండు అపార్ట్‌మెంట్‌ల నిబంధనలూ ముందే తెలుసుకుని, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు లిఫ్ట్ దొరుకుతుందో సూపర్‌వైజర్‌కు చెప్పండి.

అపోహ: ముహూర్తం రోజే సామాను కూడా చేరాలి.

వాస్తవం: మంచిరోజున పాలు పొంగించి, దేవుడి పటం, కాస్త ఉప్పు, పప్పు, బియ్యం చేర్చి, మిగతా సామానును తర్వాత తీసుకెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శ్రావణ మాసంలోని మంచిరోజుల్లో, నెలాఖరు శని, ఆదివారాల్లో మా దగ్గర బండ్లు, మనుషులు చాలరు, రేటు పెరుగుతుంది. అనుభవం లేని రోజుకూలీలను తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆషాఢంలోనో, నెల మధ్యలో పనిరోజుల్లోనో అదే పని తక్కువకు, నిదానంగా అవుతుంది.

అపోహ: సామాను అందినట్టు సంతకం పెట్టాక ఇక చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: సంతకం పెట్టే ముందే పెట్టెలు లెక్కపెట్టి, పగిలినవి, తగ్గినవి ఆ కాగితం మీదే రాయాలి. విప్పి చూసే తీరిక లేకపోతే "లోపలి వస్తువులు తనిఖీ చేయలేదు" అని రాసి సంతకం చేయవచ్చు. మంచాలు బిగించే వరకు కొంత డబ్బు ఆపుకునేలా ముందే ఒప్పందం చేసుకోండి. రోడ్డు రవాణాదారుల మీద 2007 నాటి చట్టం ప్రకారం దావా వేయాలంటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. చాలామంది ఫోన్లలో తిరిగి ఈ గడువు పోగొట్టుకుంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, దానికి రెండేళ్ల గడువు ఉంది. అదనపు డబ్బు ఇస్తేనే సామాను దించుతామని బండిని ఆపితే మాత్రం వీటి కోసం ఎదురుచూడకండి. కొటేషన్, సామాను జాబితా, బండి నంబరు చేతిలో పెట్టుకుని 112కు ఫోన్ చేయండి. సర్వే కాగితం సరిగా ఉన్నవారికి ఆ ఫోన్‌లో చెప్పాల్సిన మాటలు చాలా తక్కువ ఉంటాయి.