పదహారు వేలన్నారు, పన్నెండే పడ్డాయి: ఉద్యోగ శిక్షణపై అపోహలు - వాస్తవాలు

ప్రతి నెలా ఏడో తారీఖు దాటిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అచ్యుతాపురం, శ్రీసిటీ, హైదరాబాద్... మా పిల్లలు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన చోట్ల నుంచి కొన్ని, వాళ్ల ఊళ్ల నుంచి కొన్ని. అడిగేది మాత్రం ఒకటే. "మేడం, పదహారు వేలన్నారు గదా, పన్నెండే పడ్డాయి. మిగతా నాలుగు వేలు ఏటైనట్టు?"

పల్లెటూరి పిల్లలకు ఉచితంగా పని నేర్పి ఉద్యోగం చూపించే ప్రభుత్వ పథకం డీడీయూ-జీకేవై. దాని కింద విజయనగరం జిల్లాలో నడిచే ఒక రెసిడెన్షియల్ సెంటర్‌లో ప్లేస్‌మెంట్లు చూస్తాను. ట్రైనింగ్ గురించి ఊళ్లలో తిరిగే మాటలు చాలానే విన్నాను. ఎక్కువ అపోహలు మనిషిని సెంటర్ గేటు దాకా రానివ్వవు, అంతే. ఇది మాత్రం మూడు నెలలు కష్టపడి నేర్చుకుని తెచ్చుకున్న ఉద్యోగాన్ని మొదటి నెలలోనే మానిపించేస్తుంది. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: జీతంలో కోసిన డబ్బు సెంటర్ వాళ్లు కమీషన్‌గా తినేస్తున్నారు

మా క్లాసులో బోర్డు మీద వేసే లెక్కే ఇక్కడా వేస్తాను. ఒక అమ్మాయి ఆఫర్ లెటర్‌లో సీటీసీ 16,000 అని ఉంది. అది చేతికొచ్చే జీతం కాదు, ఆ అమ్మాయి మీద కంపెనీ నెలకు పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ తన వైపు నుంచి కట్టే పీఎఫ్ (ఉద్యోగి పేరున దాచే భవిష్య నిధి), దాని చార్జీలు కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 3.25 శాతం ఉంటాయి. ఈ శాతాలు సీటీసీ మీద కాదు, గ్రాస్ మీద, అంటే కోతలకు ముందున్న జీతం మీద. అవి పోగా గ్రాస్ 13,760 దాకా తేలుతుంది. ఇప్పుడు ఆ గ్రాస్‌లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,651. ఈఎస్‌ఐ 0.75 శాతం, 104. వృత్తి పన్ను లేదు, మన రాష్ట్రంలో 15,000 దాకా మినహాయింపు ఉంది. చేతికి వచ్చేది 12,005.

ఇందులో సెంటర్ వాటా ఎక్కడుందో మీరే వెతకండి.

తగ్గిన నాలుగు వేలలో 3,300 రూపాయలు ఆ అమ్మాయి పేరు మీదే పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లోకి పోయాయి. కంపెనీ వాటా కూడా ఆమెదే. అయిదువందల యాభై చిల్లర ఈఎస్‌ఐకి పోయింది, ఆపైన కొద్దిగా బీమాకీ చార్జీలకీ. ఇది పీఎఫ్ మొత్తం గ్రాస్ మీద కోసే కంపెనీ లెక్క. బేసిక్, డీఏ మీదే కోసే చోట చేతికి ఇంకాస్త ఎక్కువే వస్తుంది. హాస్టల్, క్యాంటీన్, బస్సు ఖర్చు జీతంలోంచి తీసుకునే కంపెనీ అయితే ఇంకా తగ్గుతుంది. ఆ ముక్క చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

మొదటి నెలది ఇంకో గొడవ. ఎనిమిదో తారీఖున చేరితే ఆ నెల మొత్తం జీతం రాదు. చాలా కంపెనీలు హాజరు లెక్క ఇరవయ్యో తారీఖుకో ఇరవై అయిదుకో కట్ చేస్తాయి. ఆ తర్వాతి రోజుల జీతం మరుసటి నెలలో కలుస్తుంది. అంటే మొదటిసారి ఆరేడు వేలే పడొచ్చు. జీతం ఖాతా తెరవడం ఆలస్యమైతే అసలేమీ పడకపోవచ్చు. ఇదేమీ తెలియని తండ్రి ఆ మెసేజ్ చూసి "మోసపోయాం, వచ్చేయమ్మా" అంటాడు. రాత్రి బస్సుకే అమ్మాయి ఇంట్లో దిగుతుంది. ఆ వారంలోనే ఊళ్లో పదిమందికీ తెలిసిపోతుంది, మరుసటి బ్యాచ్‌కి ఆ ఊరి నుంచి ఒక్కరూ రారు.

తప్పు ఆ తండ్రిది అనను. ఊళ్లోకి వచ్చి మైకులో "నెలకు పదహారు వేలు" అని చెప్పి, సీటీసీ అన్న మాట ఎత్తని మొబిలైజర్లు ఉన్నారు. వాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే బాగోదు.

ఇక ఈఎస్‌ఐ. "మాకు జబ్బుల్లేవు, ఆ డబ్బు మాకిచ్చేయమనండి" అంటారు పిల్లలు. వాళ్లకు ఇరవై ఏళ్లు, జబ్బులుండవు. ఇంట్లో అమ్మానాన్నలకుంటాయి. ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు కూడా ఈఎస్‌ఐలో చేర్చవచ్చు. సాలూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, రెండో నెల్లో మానేస్తానని బ్యాగ్ సర్దుకున్న మనిషే, ఎలాగో ఆగింది. మరుసటి ఏడాది వాళ్లమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చేయించింది. ఆ రోజు ఫోన్ చేసి నాతో మాట్లాడింది ఆపరేషన్ గురించి కాదు. తమ్ముడి పేరు ఎలా చేర్చాలని. తోబుట్టువులను ఊరికే చేర్చరమ్మా, దానికి నిబంధనలున్నాయి అని చెప్పేసరికి కాసేపు నా మీద అలిగింది.

మరి నిజంగా మోసం జరగదా? జరుగుతుంది, కాకపోతే అది వేరే చోట ఉంటుంది. స్లిప్పులో పీఎఫ్ కోసినట్టు చూపించి ఖాతాలో కట్టని యాజమాన్యాలున్నాయి. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. అందుకని రెండో నెల ఆఖరున ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మీ యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) పాస్‌బుక్ తెరవండి. డబ్బు కనిపిస్తే సరే. లేకపోతే ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. వాళ్లు తిప్పుతుంటే మాకు చెప్పండి, పీఎఫ్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. జీతం స్లిప్పే ఇవ్వని చోట అనుమానపడాల్సిందే. యూఏఎన్ జీవితాంతం ఒకటే నంబర్. ఉద్యోగం మారిన ప్రతిసారీ కొత్తది తీసుకోకండి. దానికి ఇచ్చిన ఫోన్ నంబర్ పారేసుకోకండి. సిమ్ మార్చేసి, ఓటీపీ రాక, సొంత డబ్బు తీసుకోలేక తిరిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

మానేస్తే పోయేదేంటి? అదే పథకంలో మళ్లీ ఉచిత సీటు దొరకడం కష్టం. రెండో ఇంటర్వ్యూలో మొదట అడిగేది మూడు నెలల జీతం స్లిప్పులే, సర్టిఫికెట్ ఆ తర్వాత. కనీసం ఏడాది ఒకచోట చేసినవాళ్లు కంపెనీ మారితే జీతం పెంచమని అడగగలుగుతున్నారు. ఇరవై రోజులు చేసి వచ్చినవాళ్లు మళ్లీ ఫ్రెషర్లే. మా స్వార్థం కూడా చెప్పేస్తాను. ఈ పథకంలో ఒక పిల్లాడు కనీసం మూడు నెలలు ఉద్యోగంలో ఉంటేనే దాన్ని ప్లేస్‌మెంట్‌గా లెక్కిస్తారు. శిక్షణ పొందినవాళ్లలో నూటికి డెబ్భై మందిని అలా నిలబెట్టాలి. సెంటర్‌కు రావాల్సిన నిధుల్లో చివరి విడతలు దానికే ముడిపడి ఉంటాయి. అంటే మీరు నిలబడితేనే మాకూ డబ్బు. మీ జీతంలో తినాల్సిన పని మాకు లేదు.

మొదటి నెలల ఇబ్బందికి మార్గదర్శకాల్లోనే ఒక ఏర్పాటు ఉంది, చాలామంది అడగరు. ఉద్యోగంలో చేరాక నెలకు వెయ్యి రూపాయలు: సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లాలో అయితే మూడు, రాష్ట్రం దాటితే ఆరు నెలలు. స్లిప్పులు పంపితేనే అది కదులుతుంది. పంపమంటే వాట్సాప్‌లో దండం పెట్టే బొమ్మ పంపుతారు, స్లిప్పు పంపరు.

ఇంకో మాట. జీతం తక్కువ అనేది చాలాసార్లు పైకి చెప్పే కారణం. అసలు కారణం రాత్రి షిఫ్టు, గదిలో తెలియనివాళ్లు, తిండి. పాచిపెంట వైపు కొండ ఊరి నుంచి శ్రీసిటీ వెళ్లిన కుర్రాడు జీతం గురించి పావుగంట మాట్లాడి, చివర్లో "మేడం, ఇక్కడ రోజూ సాంబారే" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వాడికది నిజమైన టెన్షనే. అదే ఫ్లోర్‌లో మనవైపు నుంచి వెళ్లిన పాత బ్యాచ్ కుర్రాళ్లను వెతికి గది మార్పించాం. ఇప్పుడు వంట వాళ్లే చేసుకుంటున్నారు. కూతుర్ని పంపే తల్లులకు భయం సహజం. హాస్టల్ అడ్రసు, వార్డెన్ నంబర్ రాసివ్వమని మమ్మల్ని గట్టిగా అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: సీటుకు డబ్బు కట్టాలి

వద్దు. శిక్షణ, హాస్టల్, తిండి, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. ఎవరైనా అయిదు వేలు అడిగితే వాడు బ్రోకరు. "సీటు పక్కా" అన్నాడంటే మరీ బ్రోకరు.

అపోహ: టెన్త్ ఫెయిల్ అయితే రానివ్వరు, డిగ్రీ చదివితే నామోషీ

ఎనిమిదో తరగతితో చేర్చుకునే ట్రేడులున్నాయి. డిగ్రీ చదివి మూడేళ్లు ఇంట్లో కూర్చున్నవాళ్లు ఇంటర్ పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. నామోషీ అంతా మొదటి వారమే.

అపోహ: పెద్ద ప్లాంటులో అప్రెంటిస్ చేస్తే పర్మినెంట్ అయిపోతుంది

ఐటీఐ పిల్లల్ని తిప్పలు పెట్టే మాట ఇది. అప్రెంటిస్‌షిప్ అంటే స్టైపెండ్ ఇచ్చి నేర్పడం. అప్రెంటిస్ చట్టం, 1961 నుంచి ఉన్నది, ఉద్యోగం హామీ ఎక్కడా ఇవ్వదు. రైల్వే లెవెల్-1 పోస్టుల్లో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు 20 శాతం కోటా ఉంది, అంతే. దానికీ పరీక్ష రాయాల్సిందే. ఆ నోటిఫికేషన్ వచ్చేదాకా ఇంట్లో ఉండకుండా బయట పనిలో చేరండి.

అపోహ: ముప్ఫై అయిదు దాటితే ఇంక దారి లేదు

మా పథకానికి వయసు 15 నుంచి 35, మహిళలకూ దివ్యాంగులకూ 45 దాకా. అది దాటినవాళ్లు, ఊరు వదల్లేనివాళ్లు జిల్లాలో ఉన్న ఆర్‌సెటీకి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు) వెళ్లండి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాతో జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకులు నడుపుతున్న సంస్థలివి. ఫోన్ రిపేరు, టైలరింగ్, బ్యూటీ పార్లర్, పాడి లాంటివి పది రోజుల నుంచి నెలన్నర దాకా వసతితో ఉచితంగా నేర్పుతారు. ఆ తర్వాత రెండేళ్లు మీ వెనకాల ఉండి చూస్తారు.

అయితే అక్కడా ఒక పుకారుంది: సర్టిఫికెట్ చేతికొస్తే లోన్ వచ్చినట్టేనని. రాదు. ముద్రా శిశు కింద 50,000 దాకా తనఖా అక్కర్లేదు కానీ మేనేజర్ మీ సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు) చూస్తాడు, షాపు ఎక్కడ పెడతారని అడుగుతాడు, డ్వాక్రా సంఘంలో పాత బకాయి ఉందా అని చూస్తాడు. శిక్షణ చివర్లో ప్రాజెక్టు రిపోర్టు రాయిస్తారు. దాన్ని పక్కవాడిది చూసి కాపీ కొట్టకండి. అద్దె ఎంత, మిషన్ ఎంత, రోజుకు ఎన్ని బ్లౌజులు కుట్టగలరు, మీ ఊళ్లో బ్లౌజుకు ఎంతిస్తారు, ఇవి మీ అంకెలతో రాసి తీసుకెళ్లండి. మేనేజర్ అడిగేది అవే.