టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో గోడే వాల్వు

కిక్ కొడితే కాలికి ఎదురు తగలదు. పికప్ పడిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోంచి టకటకమని చప్పుడు. టూ-స్ట్రోక్ బండి నడిపేవాళ్లకి దీని అర్థం వెంటనే తెలిసిపోతుంది: బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, అరిగిపోయింది. యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకుందాం. 1985లో వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన ఈ బండిని మన దేశంలో రోడ్ల మీదే కాదు, మట్టి ట్రాకుల మీద కూడా ఇంకా తోలుతున్నారు. దాని సిలిండర్ బయట అల్యూమినియం రెక్కలు ఉంటాయి, లోపల పోత ఇనుప గొట్టం ఉంటుంది. ఆ గొట్టమే స్లీవ్.

ఈ ఇంజిన్ బోరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కూడా 50 మి.మీ. 7,500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సెకనుకు 250 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. కదులుతున్నంతసేపూ పిస్టన్ చుట్టూ ఉండే రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య నూనె పొర నిలబడుతుంది, ఆగిన క్షణంలో పలచబడుతుంది. పైచివర ఆగినప్పుడైతే సరిగ్గా అప్పుడే మంట అంటుకుంటుంది. ఆ పీడనం రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. పాత స్లీవ్ పైఅంచు లోపల వేలితో తడిమితే ఒక చిన్న గట్టు తగులుతుంది. రింగు చేరని చోటు కాబట్టి అది అరగలేదు, దాని కిందిదంతా అరిగింది. మట్టిలో తిరిగే బండికి దుమ్ము బెడద అదనం. ఇసుక రేణువు ఇనుము కంటే గట్టిది. పైగా టూ-స్ట్రోక్‌లో గాలి ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేసులోకి వెళ్లి, తర్వాతే పైకి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే బోరుతో పాటు బేరింగులూ పోతాయి.

కొంత అరుగుదల వరకు రీబోర్, అంటే రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా కోయించడం, సరిపోతుంది. 0.25 మి.మీ. చొప్పున పెంచుకుంటూ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. చివరి సైజు కూడా అయిపోతే స్లీవ్ మార్చడమే దారి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోర్-స్ట్రోక్‌లో స్లీవ్ అంటే ఒక నున్నని గొట్టం, అంతే. టూ-స్ట్రోక్‌లో ఆ గొట్టానికి కిటికీలు ఉంటాయి. వాటినే పోర్టులంటారు. పిస్టన్ దిగేటప్పుడు దాని పైఅంచు ముందు పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టును, ఆ వెంటనే క్రాంక్‌కేసు నుంచి గాలి పైకి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులను తెరుస్తుంది. అంటే గోడే వాల్వు. స్లీవ్ అర మిల్లీమీటరు పైకో కిందికో కూర్చుంటే ఇంజిన్ టైమింగే మారిపోతుంది. పక్కకి తిరిగినా ఇబ్బందే. స్లీవ్ బయటి వ్యాసం 56 మి.మీ. అనుకుంటే, ఒక్క డిగ్రీ తిరిగినా కిటికీ అంచు దాదాపు అర మిల్లీమీటరు జరుగుతుంది. అల్యూమినియంలోని దారికీ స్లీవ్‌లోని కిటికీకీ మధ్య మెట్టు పడి గాలికి అడ్డు తగులుతుంది.

బిగింపు రహస్యమంతా వ్యాకోచంలో ఉంది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు వ్యాకోచిస్తుంది. బ్లాకును, అంటే సిలిండర్ బయటి అల్యూమినియం భాగాన్ని, 150 డిగ్రీల మేర వేడెక్కిస్తే 56 మి.మీ. రంధ్రం సుమారు 0.19 మి.మీ. పెరుగుతుంది. మామూలుగా దూరని స్లీవ్ అప్పుడు తనంతట తానే జారి కూర్చుంటుంది, చల్లారాక బ్లాకు దాన్ని గట్టిగా పట్టేస్తుంది. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా కాల్చి తొడిగేది ఈ సూత్రంతోనే. బ్లాకును ఓవెన్‌లో వేడిచేయాలి. గ్యాస్ మంట ఒకే చోట తగిలిస్తే బ్లాకు వంకర పోతుంది. చల్లటి స్లీవ్ లోపలికి దిగిన కొన్ని సెకన్లలోనే వేడెక్కి బిగుసుకుంటుంది. సరిచేసుకునే టైమ్ ఉండదు. అందుకే మంచి లేత్ పనివాడు ముందే స్లీవ్ మీద, బ్లాకు మీద గీతలు గీసుకుని, ఒక్క దెబ్బలో గీతకు గీత కలుపుతాడు. స్లీవ్ పైఅంచున ఉండే కాలరు పూర్తిగా ఆనాక, చల్లారేదాకా పైనుంచి నొక్కిపెట్టి ఉంచుతాడు. బిగింపు చాలకపోతే స్లీవ్‌కీ అల్యూమినియానికీ మధ్య పలచని గాలి సందు మిగులుతుంది. వేడి రెక్కలకు చేరక పిస్టన్ సీజ్ అవుతుంది, అంటే గోడకు పట్టేసి ఆగిపోతుంది.

ఇప్పటి మోటోక్రాస్ బళ్లలో చాలావాటికి ఇనుప స్లీవే ఉండదు. అల్యూమినియం మీదే నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత వేస్తారు. జర్మనీకి చెందిన మాలే కంపెనీ 1967లో తెచ్చిన నికాసిల్ ఈ రకానిదే. తేలిక, వేడి త్వరగా పోతుంది, చాలా గట్టిది. కానీ మామూలు రీబోర్ కుదరదు, మళ్లీ పూత వేయించాలి. పోటీల్లో నడిపే బండికి ఆ ఖర్చు పెట్టడం సబబే. పాత బండిని పదికాలాల పాటు తోలాలనుకుంటే మాత్రం నా ఓటు ఇనుప స్లీవ్‌కే. లేత్ ఉన్న ఏ ఊళ్లోనైనా దాన్ని బాగుచేయించుకోవచ్చు.

స్లీవ్ కూర్చున్నాకే ఫైనల్ బోరింగ్, హోనింగ్ (గోడను రాయితో సన్నగా రుద్దడం) చేయాలి, ఎందుకంటే బిగుసుకున్నప్పుడు దాని ఆకారం కొంచెం మారుతుంది. ఆ తర్వాత పోర్టుల అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని చేత్తో సన్నగా వాలుగా రుద్దాలి, లేదంటే రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. ఈ పని పది నిమిషాలదే, హడావుడిలో వదిలేసేదీ ఇదే. బండి తీసుకునే ముందు పోర్టు అంచు మీద వేలు పెట్టి చూడండి. గీరుకుంటే అక్కడికక్కడే మళ్లీ రుద్దించండి.