ఈక రంగు చూసి జాతి చెప్పకండి: అపోహలు - వాస్తవాలు

"డాక్టరుగారూ, నల్లగా నిగనిగలాడుతోంది, అసలు కడక్‌నాథే కదా?" కోడిని బుట్టలో పెట్టుకొని పశువైద్యశాలకు వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. కడక్‌నాథ్ అంటే ఒంట్లోపల కూడా నల్లగా ఉండే కోడి జాతి. తెగులు మాట, టీకా మాట ఆ తర్వాతే. అప్పటికే డబ్బు చేతులు మారి ఉంటుంది. కొనకముందు ఒక్కరూ అడగరు!

అపోహ: ఈకలు నల్లగా ఉంటే కడక్‌నాథ్

ఈకల నలుపు వేరు, ఒంటి నలుపు వేరు. రెండింటికీ జన్యువులే వేరు. పెరట్లో తిరిగే మామూలు నాటుపెట్ట కూడా కాకి రెక్కంత నల్లగా ఉండవచ్చు. ఈకలు పీకితే లోపల చర్మం తెల్లగానో పసుపుగానో ఉంటుంది. కడక్‌నాథ్‌కు నలుపు చర్మంలో, కండలో, లోపలి అవయవాల్లో, ఎముకల మీది పొరలో ఉంటుంది. పైగా దాని సొంత గడ్డ అయిన మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతంలోనే అది మూడు రంగుల్లో దొరుకుతుంది: పూర్తి నలుపు, నలుపు మీద తెల్లటి గీతలు, బంగారు ఛాయ. అంటే బంగారు ఛాయ ఉన్న అసలైన కడక్‌నాథ్‌ను కాదని, నల్ల ఈకల నాటుకోడిని దాని ధర పెట్టి కొంటున్నవాళ్లు ఉన్నారన్నమాట. 2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు చెప్పుకొని అమ్మేవాళ్లకు మాత్రం ఏ గుర్తింపూ అక్కర్లేకుండా పోయింది.

కొనేముందు రెక్క పైకెత్తి, దాని కింద ఈకలను నోటితో ఊది పక్కకు తప్పించండి. చర్మం బయటపడుతుంది. ముక్కు విప్పి నాలుక చూడండి. కాళ్లు, వేళ్లు, అరికాళ్లు పలక రంగులో ఉండాలి. తురాయి, తమ్మెలు, నాలుక ఊదా రంగుకు తిరిగి ఉండాలి. ఎర్రటి తురాయి, పసుపు అరికాళ్లు కనిపిస్తే ఈకలు ఎంత నల్లగా ఉన్నా ఆ బేరం వదిలేయండి.

ఇవన్నీ సరిపోయినా పని అయిపోలేదు. జాగ్రత్తపరులు మోసపోయేది ఇక్కడే. ఒంటి నలుపునిచ్చే జన్యువు ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, పిల్లలో బయటపడుతుంది. కడక్‌నాథ్ పుంజును తెల్లకాళ్ల మామూలు పెట్ట మీదకు వదిలితే, పుట్టిన పిల్లల్లో పెట్టలు అచ్చం కడక్‌నాథ్‌లాగే నల్లగా వస్తాయి. పుంజుల్లో మాత్రం నలుపు పలుచబడుతుంది. తెల్లకాళ్ల తల్లిలో నలుపును అణిచే జన్యువు ఒకటి ఉంటుంది, దాన్ని ఆమె కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. అందుకే సంకర పెట్టలు సంతలో సులువుగా చెల్లిపోతాయి.

చదువు ముగించి ఊళ్లోనే ఏదైనా చేసుకుందామని అనుకున్న ఒక కుర్రాడు ఇలాంటి గుంపునే కొన్నాడు. పుంజులు కాస్త లేత రంగులో ఉన్నాయేమని అడిగితే "పుంజులు అలాగే ఉంటాయి బాబూ" అన్నాడట అమ్మినవాడు. ఆ గుంపులోని పుంజులతోనే గుడ్లు పెట్టించి పొదిగిస్తే తెల్లకాళ్ల పిల్లలు, పసుపు ముక్కు పిల్లలు బయటికొచ్చాయి. మేతలో లోపమేమో, ఏ మందు వేయాలో చెప్పమని నా దగ్గరకు వచ్చాడు. అప్పు తెచ్చి పెట్టిన డబ్బు అది. ఏం మందు చెప్పను? తల్లినీ తండ్రినీ, వీలైతే ఆ జంటకు అంతకుముందు పుట్టిన పిల్లలనూ చూపించమని అడగండి. చూపించనివాడి దగ్గర కొనకండి.

నల్ల గుడ్డు, నల్ల రక్తం అనేవి పుకార్లు. కడక్‌నాథ్ గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది. రక్తం ఎరుపే. దయచేసి నల్ల గుడ్ల ఫొటోలు నాకు పంపకండి.

అపోహ: వేరే జాతి పుంజు ఒక్కసారి తొక్కితే పెట్ట జాతి చెడిపోతుంది

ఈ భయంతో మంచి పెట్టలను కూరకు ఇచ్చేసినవాళ్లను చూశాను. పక్కింటి పుంజు గోడ దూకిందని రాత్రంతా నిద్రపోని ఒక పెద్దావిడ తెల్లవారగానే నాకు ఫోను చేశారు. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాల వరకు, ఒక్కోసారి మూడు వారాల దాకా నిలిచి ఉంటుంది. అంతే తప్ప శాశ్వతంగా ఉండదు. పెట్టను మూడు వారాలు విడిగా ఉంచి, ఆ గుడ్లు పొదగవేయకుండా వండుకోండి. ఆ తర్వాత మీ పుంజుతో కలిపితే వచ్చే పిల్లలు మీ జాతివే.

అపోహ: ఒకే పొదుగులో రంగురంగుల పిల్లలు వస్తే సంకరమే

కాదు. కాకి, డేగ, సేతువ, నెమలి అనేవి రంగుల పేర్లు. పందెం కోళ్ల జాతి అయిన అసీల్ జంట ఒక్కటే డేగనూ కాకినీ కనవచ్చు. నీలి బూడిద రంగు జన్యువున్న జంటకైతే సగటున సగం పిల్లలే ఆ రంగులో వస్తాయి. పావు వంతు నల్లగా, పావు వంతు మచ్చల తెలుపుగా పుడతాయి. అసీల్‌ను చూడాలంటే నిటారు నిలకడ, పొడవాటి మెడ, ఒంటికి బిగుతుగా అతుక్కున్న ఈకలు, చిన్న తురాయి చూడండి. రంగును బట్టి పందెం రోజు, దిక్కు చెప్పేవాళ్ల గోల నాకు అనవసరం. పందేలు చట్టవిరుద్ధం, ఆ సలహా నన్ను అడగవద్దు.

అపోహ: రంగు ఈకలున్నవన్నీ నాటుకోళ్లే

వనరాజ, గ్రామప్రియ కోళ్లకూ రంగు ఈకలే. అవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలు. మంచివే. కానీ వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లల్లో ఆ దిగుబడి నిలవదు. ప్రతిసారీ కొత్త పిల్లలు తెచ్చుకోవాలి.

చివరిగా, నూగు రంగు చూసి కంగారు పడకండి. పిల్ల పెరిగి ఈకలు మార్చుకునే కొద్దీ రంగు మారుతుంది. దెబ్బ తగిలి మానిన చోట తెల్ల ఈక మొలిచినా అంతే, జాతికీ దానికీ సంబంధం లేదు. తెల్ల ఈక వచ్చిందని మంచి పెట్టను చవగ్గా అమ్మేవాళ్లుంటే ముందు నాకు చెప్పండి, నేనే కొనుక్కుంటాను.